శుక్రవారం గడిలో డిట్టో

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. విజిటింగ్ కార్డు మీద అకౌంట్స్ అసిస్టెంట్ అని ఉండేది. అదే కార్డు మీద మస్తాన్ అన్న నా పేరు మార్టిన్ అని అచ్చయింది. మార్చమని మూడుసార్లు రాసిచ్చాను, మార్చలేదు. ఆ కార్డుల డబ్బా ఇప్పటికీ అల్ నహ్దాలో మా ఇంట్లో ఉంది.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. రాయడానికి లేవు. రేట్ల సీటులో కొత్తగా కూర్చునేవాళ్ళకు పనికొచ్చే సంగతి నా దగ్గర ఒక్కటే ఉంది. అది రెండు దేశాల డబ్బు గురించి, ఆ రెండు దేశాలనూ నేను చూడలేదు. వాటి రేటు తప్పుగా రాసినందుకు, నాలాగే వాటిని చూడని మరో మనిషి ఉద్యోగం పోబోయింది. తప్పు నాది. నాది మాత్రమే కాదు, కానీ నాది. ఎవరిది ఎంతో కింద చెబుతాను.

నాటి రేటు

మా కంపెనీ దుబాయ్‌లో దేరా అనే పేటలో ఉండేది. దక్షిణ అమెరికా నుంచి ఫ్రీజ్ చేసిన మాంసం తెప్పించి ఇక్కడి హోటళ్ళకు, సూపర్ మార్కెట్లకు వేసేది. కోడి బ్రెజిల్ నుంచి, పశుమాంసం పరాగ్వే నుంచి. పరాగ్వేకు సముద్రం లేదు. అక్కడి కంటెయినర్లు లారీల మీద బ్రెజిల్ రేవుకు చేరి, కోల్డ్ స్టోరులో ఆగి, ఓడ ఎక్కాలి.

సరుకు ధర డాలర్లలో కట్టేవాళ్ళం, దాంతో తగాదా లేదు. తగాదా అంతా ఆ కోల్డ్ స్టోరు ఖర్చుతోనే. ఆ బిల్లు బ్రెజిల్ రియాల్లలో వచ్చేది. అందులో సగం మాది, సగం పరాగ్వే వాళ్ళది. వాళ్ళ లెక్కలు గువారానీల్లో. అందుకని 2020 జనవరి నుంచి కొత్త ఒప్పందంలో ఒక మాట రాసుకున్నారు: కంటెయినర్‌కు సీలు వేసిన రోజున ఒక రియాల్‌కు ఎన్ని గువారానీలో, ఆ రేటు మీదే లెక్క తేలాలి. ఆ రేటు ఏ రోజుకారోజు రాసి పెట్టే బాధ్యత దుబాయ్ ఆఫీసుది. అంటే నాది.

ఈ రెండు నాణేలకూ సూటిగా రేటు చెప్పేవాళ్ళు మన వైపు ఎవరూ లేరు. డాలర్‌కు ఎన్ని రియాల్లో బ్రెజిల్ వాళ్ళ పెద్ద బ్యాంకు చెబుతుంది. డాలర్‌కు ఎన్ని గువారానీలో పరాగ్వే వాళ్ళ పెద్ద బ్యాంకు చెబుతుంది. దీన్ని దానితో భాగించాలి, అంతే. ఒక జాగ్రత్త ఉంది. వాళ్ళు చుక్క పెట్టే చోట మనం కామా పెడతాం, కామా పెట్టే చోట చుక్క పెడతాం. వాళ్ళ కాగితంలో 1.190 అని ఉంటే అది పదకొండు వందల తొంభై. ఒకటీ చిల్లర అనుకున్నవాణ్ణి ఆ రోజు నుంచి సీటు దగ్గరికి రానివ్వకూడదు.

ఈ పనిలో చేరేవాళ్ళందరూ నేటి రేటు మీద మోజు పడతారు. నేటి రేటు టీ అంగడి వాడు కూడా చెబుతాడు. నాటి రేటు వేరు. అది తగాదా వచ్చిన రోజునే కావాలి, ఆ రోజు అది మీ గడిలో తప్ప మరెక్కడా ఉండదని మీ ముదీర్, అంటే మేనేజరు, ప్రమాణం చేస్తాడు. కనుక గడిలో రాసేటప్పుడే, రెండేళ్ళ తర్వాత ఎవరో వేలు పెట్టి చూపిస్తారనుకుని రాయాలి.

రెండు గీతలు

నేను చేరిన కాలంలో రేట్లు ఇంటర్నెట్‌లో దొరికేవి కావు. దేరాలోనే ఒక బ్యాంకు ఫ్యాక్సు పంపేది. శుక్రవారం బ్యాంకుకు సెలవు, మాకూ సెలవు. శనివారం కూడా సెలవు. ఆదివారం మేం పనికి వచ్చేవాళ్ళం కానీ ఆ రోజు లోకమంతా సెలవు. అందుకని గురువారం రేటు రాసి, దాని కింద శుక్ర, శని, ఆది వారాల గళ్ళలో డిట్టో కొట్టమని అప్పటి ముదీర్ చెప్పాడు. డిట్టో అంటే రెండు చిన్న గీతలు. పైనున్నదే ఇక్కడా అని అర్థం. చెయ్యి నొప్పి పుట్టకుండా గుమాస్తాలు కనిపెట్టిన గొప్ప వస్తువు.

తర్వాత ఫ్యాక్సు పోయింది, ఇంటర్నెట్ వచ్చింది. ఆ ముదీర్ పోయి నబీల్ వచ్చాడు. గీతలు మాత్రం పోలేదు.

శుక్రవారం మనకు సెలవు. అక్కడ అది నిండు పనిరోజు. ఆ రోజు రియాల్ పడుతుంది, లేస్తుంది. ఆ సంగతి మా రిజిస్టరుకు తెలియదు. పైగా పరాగ్వే వాళ్ళు కంటెయినర్లకు ఎక్కువగా శుక్రవారమే సీలు వేసేవాళ్ళు, వాళ్ళ శని ఆదివారాల ముందు లారీలు రోడ్డెక్కాలి కదా. అంటే మాకు అన్నిటికన్నా అవసరమైన గడిలోనే గీతలున్నాయి.

రేటు నెమ్మదిగా కదిలినన్నాళ్ళు ఇది ఎవరికీ కనబడలేదు. 2020 వచ్చింది. కరోనా మొదలై అందరం ఇళ్ళ నుంచి పనిచేశాం. నేను పచ్చ అట్ట రిజిస్టరును ఇంటికి తెచ్చుకుని, వంటింటి పక్కన మా ఆవిడ కుట్టు మిషను మీద పెట్టుకుని రాసేవాణ్ణి. ఏడాది మొదట్లో రియాల్‌కు పదిహేను వందల పైన ఉన్న గువారానీలు మే నాటికి పదకొండు వందల చిల్లరకు దిగాయి. గురువారానికీ సోమవారానికీ మధ్య మెట్టు దిగినట్టు కాకుండా గోడ దూకినట్టు ఉండేది. నాకు అప్పుడు తెలిసింది. ఒక పేజీ లేఖ రాశాను: శుక్రవారానికి సొంత రేటు ఉంది, దాన్ని ఆదివారం పొద్దున చూసి రాయవచ్చు, అనుమతి ఇవ్వండి.

వారం తర్వాత వీడియో మీటింగులో నబీల్ ఆ లేఖను అందరి ముందూ తెరిచాడు.

"మస్తాన్, శుక్రవారం దేవుడిది, ఆదివారం నాది. మధ్యలో నీకేం పని? నీ గువారానీ కూడా శుక్రవారం నమాజుకు పోయిందనుకో. ఖలాస్."

పదకొండు మంది నవ్వారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. ఒకాయన మైకు కట్టేయడం మరిచి, నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అది కూడా గుర్తుంది.

ఆ ఏడాది చాలా ఆఫీసుల్లో జీతాలు కోశారు. మా సెక్షన్‌లో ఒక్కరి జీతం కూడా కోయడానికి నబీల్ ఒప్పుకోలేదు. అదీ నేను మరవలేదు. కానీ అది వేరే పద్దు, ఇది వేరే పద్దు.

ఆ మీటింగ్ తర్వాత నేను రెండోసారి అడగలేదు. పేరు తప్పుకు మూడుసార్లు రాసిన మనిషిని, కుర్చీకి చక్రం ఊడితే నాలుగుసార్లు రాసిన మనిషిని, రేటు గురించి రెండోసారి రాయలేదు. మీ ఖర్మ అనుకున్నాను. తెలిసి తెలిసీ ప్రతి శుక్రవారం గడిలో ఆ రెండు గీతలు కొట్టాను. ఇంకొంచెం నల్లగా కొట్టాను కూడా.

గంగాధర్

2022 జనవరిలో ఈ దేశంలో వారం మారింది. శని, ఆదివారాలు సెలవు అయ్యాయి. శుక్రవారం సగం పూట పని. మా ఆఫీసూ అట్లాగే మార్చుకుంది. మాకు శుక్రవారం పనిదినం అయ్యేసరికి, ఏ పనిరోజు రేటైనా తర్వాతి పనిరోజు పొద్దున రాయడమే కనుక, సోమవారం పొద్దున శుక్రవారం రేటు దానంతటది గడిలోకి వచ్చి కూర్చుంది. ఎవరి అనుమతీ అడగలేదు.

అదే ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. పాత రేట్లన్నీ అందులోకి ఎక్కించాలి. ఆ పనికి మా కోల్డ్ స్టోరు నుంచి గంగాధర్‌ను తెచ్చారు. జగిత్యాల దగ్గరి ఊరు. తొమ్మిదేళ్ళు మైనస్ పద్దెనిమిదిలో పెట్టెలు మోశాడు. కుడిచేతి రెండు వేళ్ళకు స్పర్శ పోయింది. రాత్రిళ్ళు కరామాలో తన బెడ్‌స్పేస్‌లో, అంటే పదిమంది గదిలో అద్దెకు తీసుకున్న మంచం మీద, కంప్యూటర్ నేర్చుకుని, ఆఫీసు పని ఇవ్వమని నబీల్ వెంట ఏడాది తిరిగాడు. నలభై దగ్గర పడిన మనిషి, కొత్త చొక్కా వేసుకుని మొదటిరోజు బడికొచ్చినట్టు వచ్చాడు.

2020 రిజిస్టరు నా ఇంట్లోనే ఉండిపోయింది. 2021 రిజిస్టరు కూడా అలవాటుగా ఇంటికి తెచ్చేశాను. వెనక్కి ఇమ్మని ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ప్రతి పేజీ ఫొటో తీసి గంగాధర్‌కు పంపాను.

"భాయ్, గీ గీతలేంది?" అని మొదటిరోజే అడిగాడు.

"డిట్టో అబ్బా. పైన ఏముందో కిందా అదే కొట్టు."

"రెండు గీతలల్ల గంతే ఉందా?"

"అంతే."

అతను రెండు వేళ్ళతో టైపు చేసేవాడు, స్పర్శ మిగిలిన వేళ్ళతోనే. నెమ్మది, కానీ తప్పు పోదు. ఒక్కసారి పోయింది. సాఫ్ట్‌వేర్‌లో దేశాల డబ్బుల జాబితా నుంచి రియాల్ ఎంచుకోమంటే సౌదీ రియాల్ నొక్కాడు. ఆ పూటే చూసి సరిచేశాం.

"మా బామ్మర్ది సౌదీల ఉంటడు భాయ్," అన్నాడు సిగ్గుపడి. "రియాల్ అంటె నాకు గదే యాదికొచ్చింది. బ్రెజిల్‌ల సుత రియాలే ఉంటదని ఎవలనుకున్నరు?"

గల్ఫ్‌లో బతికే తెలుగువాడు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది. నేను నవ్వాను. నబీల్ నవ్వకుండా నోట్ చేసుకున్నాడు.

మిర్తా ఉత్తరం

పరాగ్వే కంపెనీలో నా వంటి పని చేసే ఆవిడ పేరు మిర్తా. ఏళ్ళ తరబడి ఉత్తరాలే తప్ప ముఖం చూడలేదు. నన్ను డోన్ మస్తాన్, అంటే మస్తాన్ గారూ, అని రాస్తుంది. నా పేరు మొదటిసారే సరిగ్గా రాసిన మనిషి ఆమె.

2022 నడిమధ్యలో, గంగాధర్ ఎక్కించిన పాత రేట్ల పట్టిక వాళ్ళకు పంపాక, ఆమె నుంచి ఒక మెయిల్ వచ్చింది, నబీల్‌కు, మాకందరికీ. మర్యాదగా నాలుగు వాక్యాలు. "జనవరి నుంచి మీ శుక్రవారాలు మా శుక్రవారాలతో సరిపోతున్నాయి. అంతకుముందు రెండేళ్ళలో సరిపోలేదు. అవన్నీ మీ గురువారాలతో సమానంగా ఉన్నాయి. కారణం తెలుపగలరా?"

నేను ఆ మెయిల్ చదివి కుర్చీలో వెనక్కి వాలాను. చక్రం లేని కుర్చీ, కొంచెం ఒరిగింది. రెండేళ్ళ క్రితం నేను రాసిన పేజీ లేఖే ఆమె నాలుగు వాక్యాల్లో రాసింది. సంతోషించానంటే అబద్ధం కాదు.

ఆ సంతోషం రెండు గంటలే. నబీల్ జవాబు వచ్చింది, అదీ అందరికీ. "పాత రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కించిన ఉద్యోగి గళ్ళు నింపడంలో పొరపాట్లు చేశాడు. ఇదివరకు కూడా చేశాడు. అతన్ని ఆ పని నుంచి తప్పించాం."

నెలాఖరు దాకా గడువు. తర్వాత కోల్డ్ స్టోరుకు తిరిగి పోవడమో, వీసా క్యాన్సిల్ చేసుకుని టికెట్ తీసుకోవడమో గంగాధరే తేల్చుకోవాలి.

కరామాలో మధ్యాహ్నం

ఆ శుక్రవారం సగం పూట అయిపోయాక, నమాజు చేసుకుని కరామా వెళ్ళాను. గంగాధర్ తన బిల్డింగ్ కింద ఉన్న హోటల్లో కూర్చుని ఉన్నాడు. ముందు ప్లేటు నిండా అన్నం ఉంది, కలపలేదు.

"సలికి మల్ల పోలేను భాయ్," అన్నాడు. "డాక్టర్ జెప్పిండు, ఇంకో రెండు వేళ్ళు పోతయని. ఇంటికి పోతె అప్పులోళ్ళకేం జెప్పాలె? టైపు తప్పు కొట్టిన, పంపించిండ్రు అని జెప్పాల్నా?"

"నువ్వు తప్పు కొట్టలేదు."

"మరెవలు కొట్టిండ్రు?"

నేను చెప్పాను. శుక్రవారం సంగతి, నా లేఖ, వీడియో మీటింగు, నవ్విన పదకొండు మంది, ఆ తర్వాత నేను నోరు మూసుకున్నది. మొదట నా బాధ చెబుతున్నట్టే చెప్పాను. అతను సానుభూతి చూపిస్తాడనుకున్నాను. మధ్యలో అతని ముఖం మారడం చూశాను.

"అంటె నీకెరికేనా? రెండేండ్ల సంది ఎరికేనా?"

"ఎరికే."

"నేను గీతలేందని అడిగిననాడు గూడ ఎరికే?"

అవునన్నట్టు తల ఊపాను.

"నవ్విండ్రని చెప్పుడు బంద్ పెట్టినవా భాయ్? మమ్ముల రోజు నవ్వుతరు. క్యాంపుల నవ్వుతరు, స్టోరుల నవ్వుతరు. గట్లని పెట్టె మోసుడు బంద్ పెడ్తమా?"

కోపంగా అనలేదు. లెక్క అడిగినట్టు అడిగాడు. తర్వాత అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. నాకు ప్లేటు చెప్పలేదు. నన్ను అవమానించిన మాటలన్నీ తేదీలతో సహా గుర్తుంటాయి నాకు. ఇది అవమానం కాదు, అయినా అన్నిటికన్నా ఎక్కువ గుర్తుంది.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఒక మాట. పై అధికారి మీ మాట కొట్టిపారేస్తే మీకు కోపం రావాలి, రాకపోతే ఈ పనికి పనికిరారు. కానీ ఆ కోపాన్ని మళ్ళీ అడగడానికి వాడండి. అలిగి కూర్చోవడానికి వాడితే ఆ మూల్యం మీరు కట్టరు, మీ తర్వాత సీటులో కూర్చునేవాడు కడతాడు.

పచ్చ రిజిస్టరు

సోమవారం రెండు రిజిస్టర్లూ సంచిలో పెట్టుకుని నబీల్ గదికి వెళ్ళాను. కరోనా తర్వాత ఆఫీసు వేరే బిల్డింగుకు మారినప్పుడు పాత కాగితాలన్నీ పారేశారని ఆయన నమ్మకం. పచ్చ అట్ట చూసి కళ్ళద్దాలు తీశాడు.

"ఇవి నీ దగ్గరెందుకున్నాయి?"

"అడగలేదు కనుక ఉన్నాయి."

పేజీలు తిప్పి చూపించాను. నా చేతిరాత, నా గీతలు. ఆ పక్కనే నా లేఖ కాపీ, మీటింగు తేదీ వేసి.

"మస్తాన్, కూర్చో," అన్నాడు. నేను కూర్చోలేదు. "చూడు, మన శుక్రవారాలు రెండేళ్ళుగా తప్పు అని నేను రాస్తే ఏమవుతుంది? మిగతా సప్లయర్లు కూడా పుస్తకాలు తెరుస్తారు. ఒక టైపిస్టు పొరపాటు అంటే ఇక్కడితో ఆగుతుంది. కంపెనీ కోసమే కదా."

"గంగాధర్ కూడా కంపెనీలోనే ఉన్నాడు."

"అతనికి స్టోరులో పని ఉంది."

"అతని వేళ్ళు చూశారా?"

ఆయన చూడలేదు. నిజానికి నేనూ నెలల తరబడి పక్కన కూర్చున్నాక గానీ చూడలేదు.

నేను అడిగినవి మూడు వాక్యాలు. మెయిల్ అందుకున్న ప్రతివాళ్ళకూ మళ్ళీ మెయిల్ పోవాలి. అందులో మొదటి వాక్యం, గంగాధర్ ఉన్నది ఉన్నట్టు టైపు చేశాడు. రెండోది, ఉన్నది రాసింది మస్తాన్. మూడోది, రాయమన్నది నబీల్.

"మొదటి రెండూ సరే," అన్నాడు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని. "మూడోది రాయను."

ఆ నెలలోనే పాత రేట్ల పట్టిక సరైనదేనని నేను సంతకం పెట్టాలి. అది లేకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ పని పూర్తయినట్టు కాదు. పూర్తి కాకపోతే నబీల్ పెద్దాఫీసుకు జవాబు చెప్పుకోవాలి. నా ఉద్యోగమంతా కలిపి నా సంతకానికి విలువ వచ్చింది ఆ ఒక్క నెలలోనే.

"సంతకం పెట్టను," అన్నాను. "శుక్రవారాలన్నీ సరిచేసేదాకా, గంగాధర్ ఆ సీటులో కూర్చునేదాకా."

"రిటైర్ కావడానికి ఆరు నెలలున్న మనిషివి. ఎందుకు ఈ మొండితనం? యల్లా, ఇంటికి పోయి హాయిగా ఉండు."

"హాయిగా ఉండటం నాకు రాదు ముదీర్. ఇన్నేళ్ళూ చూస్తున్నారుగా."

నూట ఐదు గళ్ళు

2020లో యాభై రెండు శుక్రవారాలు. 2021లో యాభై మూడు, ఆ ఏడాది శుక్రవారంతో మొదలై శుక్రవారంతో ముగిసింది. మొత్తం నూట ఐదు. శని, ఆదివారాల్లో వాళ్ళు సీలు వేయరు కనుక ఆ గళ్ళతో పనిలేదు. ఒక్కొక్క దానికి బ్రెజిల్ బ్యాంకు పాత రేటు తీసి, పరాగ్వే బ్యాంకు పాత రేటు తీసి, భాగించి, మిర్తాకు పంపాను. ఆమె తన నోటుబుక్కుతో పోల్చి జవాబు రాసేది.

అన్నీ తప్పు కాదని తేలింది. గుడ్ ఫ్రైడేలు రెండు, 2020లో మే ఒకటి, ఆ ఏడాది క్రిస్మస్, తర్వాతి జనవరి ఒకటి. ఇవి అక్కడా సెలవులే. ఆ గళ్ళలో నా డిట్టో నికార్సైన డిట్టో. వాటిని చూసి ఎంత ఊరట కలిగిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి.

2020 మే పదిహేను దగ్గరికి వచ్చేసరికి మిర్తా నుంచి రెండు రోజులు జవాబు లేదు. మూడోరోజు ఫోనే చేసింది. అక్కడ పొద్దున, ఇక్కడ మేం ఇంటికి పోయే వేళ.

"డోన్ మస్తాన్, ఒక సంగతి చెప్పాలి. అది మా స్వాతంత్ర్య దినాల సెలవు. రెండు రోజులు. నేను ఆఫీసుకు రాలేదు."

"అయితే?"

"బ్రెజిల్‌లో సెలవు లేదు. రియాల్ కదిలింది. నేను మాత్రం సెలవుకు ముందు రోజు అంకే కింద రాసేశాను. మా సెలవులన్నిటికీ అంతే చేశాను. మీరు మీ శుక్రవారాలకు చేసినట్టే."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. మనకు సెలవైన రోజున లోకమంతా ఆగిపోయిందనుకోవడం ఒక్క దుబాయ్ జబ్బు కాదన్నమాట. ఆ మే పదిహేను గడిలో ఇద్దరం తప్పే, ఎవరి తప్పు వాళ్ళదే.

ఆమె తన కంపెనీకి రాసిన మెయిల్‌లో ఇదంతా దాచకుండా పెట్టింది. దుబాయ్ వాళ్ళు కావాలని తమకు లాభం వచ్చే రోజు ఎంచుకున్నారని అక్కడ కొందరికి అనుమానం ఉండేది. ఆ మెయిల్‌తో అది పోయింది. తేడాలు కొన్ని వాళ్ళ వైపు, కొన్ని మా వైపు పడి, లెక్క ఒక పూటలో సర్దుకుంది. తన తప్పు ముందు పెట్టిన మనిషి మాట ఎంత త్వరగా నమ్ముతారో నాకు అప్పుడు తెలిసింది, ఉద్యోగం చివరి ఆరు నెలల్లో.

నబీల్ రెండు వాక్యాల మెయిల్ పంపాడు. గంగాధర్ సీటులోనే ఉండిపోయాడు. మూడో వాక్యం రాలేదు.

కారణం గడి

సరిచేసిన ప్రతి రేటు పక్కనా సాఫ్ట్‌వేర్ 'కారణం' అని ఒక గడి చూపిస్తుంది. అది ఖాళీగా ఉంటే ముందుకు కదలదు. ఎవరు పెట్టారో గానీ తెలివైనవాళ్ళు.

గంగాధర్ అప్పటికి నాతో పని మాటలు మాత్రమే మాట్లాడుతున్నాడు. "కారణం ఏం రాయాలె?" అని అడిగాడు.

"రాసుకో. ముదీర్ నబీల్ చెప్పాడు. తప్పని తెలిసీ మస్తాన్ రాశాడు. గంగాధర్ ఉన్నది టైపు చేశాడు."

అతను నా వైపు చూశాడు. "తెలిసీ అని సుత కొట్టాల్నా?"

"కొట్టు."

"అన్నిట్లనా?"

"అన్నిట్లోనూ."

"అయితే ఒకటి కొట్టి కాపీ పేస్ట్ జేస్త."

"వద్దబ్బా. ఇందులో కూడా డిట్టోనా? ఒక్కొక్కటి కొట్టు."

చాలా రోజుల తర్వాత అతను నవ్వాడు. మూడు రోజులు పట్టింది. మధ్యలో టీ తెచ్చుకుంటూ నాకూ ఒకటి తెచ్చాడు. చివరి గడి అయ్యాక నేను పట్టిక మీద సంతకం పెట్టాను. నబీల్ ఆ గళ్ళు చదివాడో లేదో తెలియదు. చదివినా తీసేయాలంటే మళ్ళీ కారణం రాయాలి.

రిటైరైన రోజు నాకొక గడియారం ఇచ్చారు. వెనకాల పేరు చెక్కారు. సరిగ్గానే చెక్కారు, గంగాధర్ దగ్గరుండి చెక్కించాడట. నబీల్ తర్వాతి ఏడాది వేరే కంపెనీకి వెళ్ళాడు. నాకు ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు. నా ఫోన్ నంబరు మార్చలేదు.

ఇప్పుడు కూతురి దగ్గర అల్ నహ్దాలోనే ఉంటున్నాను. మొన్న ఈద్ సెలవుల తర్వాత గంగాధర్ ఫోన్ చేశాడు. ముబారక్ చెప్పి, అసలు సంగతి తర్వాత చెప్పాడు.

"కొత్త ముదీర్ వచ్చిండు భాయ్. ఈద్ నాలుగు రోజులు డిట్టో కొట్టు, ఎవలు చూస్తరు అన్నడు."

"నువ్వేమన్నావు?"

"గా మాట కాయిదం మీద రాసి దస్కతు పెట్టియ్యుండ్రి, కారణం గడిల ఎక్కిస్త అన్న. జెరసేపు నన్నే చూసిండు. పో, రేట్లు వెతుక్కో అన్నడు."

ఆ నాలుగు రోజుల రేట్లు చెప్పమన్నాను. చెప్పాడు. పచ్చ రిజిస్టరులో ఇంకా ఖాళీ పేజీలున్నాయి, రాసుకున్నాను. నాలుగు గళ్ళు, నాలుగు అంకెలు.

పెట్టేసే ముందు అడిగాను. "ఆ మాటన్నప్పుడు ఆఫీసులో ఎవరైనా నవ్వారా?"

"నవ్విండ్రు భాయ్," అన్నాడు. "నవ్వనియ్."